పరుగెత్తించడం తేలిక, మలుపు తిప్పడమే కష్టం

ఎల్‌హెచ్‌సీ, అంటే ప్రోటాన్లనే అతిచిన్న కణాలను ఎదురెదురుగా ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ యంత్రం ప్రస్తావన వస్తే, చాలామంది ముందుగా అడిగేది వేగం సంగతే. ఆ కణాలు కాంతి వేగంలో ఎంత శాతం అందుకుంటాయి? 99.999999 శాతం అనగానే నోరెళ్ళబెడతారు, అక్కడితో కబురు అయిపోతుంది. నన్నడిగితే ఆ యంత్రం గురించి అన్నిటికన్నా తక్కువ సంగతి చెప్పే అంకె అదే. జెనీవా పక్కన, స్విట్జర్లాండ్ - ఫ్రాన్స్ సరిహద్దుకు అటూ ఇటూ, సగటున 100 మీటర్ల లోతున 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో అంత యంత్రం పెట్టింది కణాల వేగం పెంచడానికి కాదు. అక్కడికి చేరేసరికే వాటి వేగం దాదాపు పూర్తయి ఉంటుంది.

మొదటి నుంచి వద్దాం. ఆరంభం ఒక హైడ్రోజన్ సిలిండర్. హైడ్రోజన్ పరమాణువులో ఉండేవి ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. ఎలక్ట్రాన్‌ని ఊడదీస్తే మిగిలేది ప్రోటాన్, మనకు కావలసింది అదే. ఈ యంత్రాన్ని నడిపే ఐరోపా పరిశోధన సంస్థ సెర్న్‌లో ఇప్పుడు దీన్ని కొంచెం చుట్టుతిప్పి చేస్తారు. ముందు ఇంకో ఎలక్ట్రాన్‌ని అదనంగా తగిలించి, కొంత దూరం తోలాక, రెండిటినీ పలుచని కార్బన్ రేకులో ఊడదీస్తారు. ఖర్చయ్యే సరుకు మాత్రం చాలా తక్కువ. రోజుకు 2 నానోగ్రాముల హైడ్రోజన్. ఈ లెక్కన ఒక గ్రాము అయిపోవడానికి 10 లక్షల ఏళ్ళు దాటుతుంది.

ఈ ప్రోటాన్లు నేరుగా పెద్ద సొరంగంలోకి వెళ్ళవు. వరసగా నాలుగు చిన్న యంత్రాలు దాటాలి. మొదటిది తిన్నగా ఉండే లీనాక్ 4. దాన్నుంచి బయటపడేసరికే కాంతి వేగంలో సగం వచ్చేస్తుంది. రెండోది బూస్టర్, అక్కడ 95 శాతానికి చేరువవుతుంది. మూడోది 1959లో మొదలైన ప్రోటాన్ సింక్రోట్రాన్. ఆ ముసలి యంత్రం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది, దాని చివర 99.9 శాతం. నాలుగోది 7 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న ఎస్‌పీఎస్. అక్కడ్నుంచి ఎల్‌హెచ్‌సీలోకి దిగేటప్పటికి ఆ ప్రోటాన్, కాంతి కన్నా సెకనుకు సుమారు 650 మీటర్లు మాత్రమే వెనకబడి ఉంటుంది. ఎల్‌హెచ్‌సీలో పూర్తి శక్తికి చేరాక ఆ తేడా సెకనుకు 3 మీటర్లకు తగ్గుతుంది. అంత పెద్ద యంత్రం పెంచిన వేగమంతా కలిపితే ఇంతే. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుందని గుర్తు చేసుకుంటే ఈ 650 మీటర్లు ఏ మూలకి?

శక్తి మాత్రం ఇదే ఎల్‌హెచ్‌సీలో 15 రెట్లు పెరుగుతుంది. 450 జీఈవీతో దిగిన ప్రోటాన్ 6,800 జీఈవీకి, అంటే 6.8 టీఈవీకి చేరుతుంది. ఒక్క వోల్టు తేడాను దాటినప్పుడు ప్రోటాన్‌కు దక్కే శక్తిని ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ అంటారు. అలాంటివి 100 కోట్లయితే ఒక జీఈవీ, లక్ష కోట్లయితే ఒక టీఈవీ. మరి శక్తి పెరుగుతుంటే వేగం ఎందుకు పెరగదు? ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం కాంతి వేగం దాటలేని పైకప్పు లాంటిది. దాని దగ్గరికి వచ్చిన కణానికి ఎంత శక్తి పోసినా అది వేగంగా కనిపించదు, ద్రవ్యవేగంగా మారుతుంది. అంటే కణం ఇంకా ఇంకా మొండిగా తిన్నగా పోవాలని చూస్తుంది. గుండ్రటి సొరంగం కట్టినవాళ్ళకు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

ముందు తోయడం గురించి చెప్పేస్తాను, అది చిన్న కథే. విద్యుదావేశం ఉన్న కణానికి శక్తినిచ్చేది విద్యుత్ క్షేత్రం ఒక్కటే, అయస్కాంతం దారి మళ్ళిస్తుందే గానీ శక్తి పెంచలేదు. కాబట్టి 27 కిలోమీటర్ల చుట్టులో ఒక్కచోట మాత్రం, ఎదురెదురుగా తిరిగే రెండు ప్రోటాన్ ప్రవాహాల్లో ఒక్కోదానికి 8 చొప్పున, కావిటీలు అనే బోలు లోహపు గదులు అమర్చారు. వాటిలో విద్యుత్ క్షేత్రం సెకనుకు 40 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. సరైన క్షణంలో వచ్చిన ప్రోటాన్‌కు సరైన తోపు దక్కుతుంది. కాస్త ముందొచ్చినవాటికీ వెనకొచ్చినవాటికీ వేరే మోతాదులో పడుతుంది. దాంతో అన్నీ ఒక సమయం చుట్టూ గుంపులు కడతాయి. ఒక్కో గుంపులో సుమారు 11,500 కోట్ల ప్రోటాన్లు, డిజైన్ ప్రకారం ఒక్కో దిశలో 2,808 గుంపులు. ఒక చుట్టు తిరిగితే ప్రోటాన్‌కు కలిసొచ్చేది సగటున 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌లే, దాని గమ్యంతో పోలిస్తే ఏమంత కాదు. కానీ సెకనుకు 11,245 చుట్లు తిరుగుతుంది. 20 నిమిషాలు ఓపిక పడితే కోటికి పైగా చుట్లయి లెక్క సరిపోతుంది. గుండ్రంగా కట్టడంలో లాభం ఇదే. అవే కావిటీలను మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

ఇక మలుపు. సొరంగంలో ఎక్కువ భాగం నిండి ఉండేవి నీలిరంగు పొడవాటి గొట్టాలు. ఫోటోల్లో మనకు కనిపించేవి అవే. అవి కణాలను తోసేవి కావు, వంచేవి. మొత్తం 1,232. ఒక్కోటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. వరసగా పేర్చితే 18 కిలోమీటర్లు. 27 కిలోమీటర్లలో 18 కిలోమీటర్లు కేవలం మలుపు తిప్పడానికే పోయిందన్నమాట. ఇవి కాక గుంపు చెదిరిపోకుండా దగ్గరకు నొక్కే అయస్కాంతాలు, చిన్న చిన్న తప్పులు దిద్దే అయస్కాంతాలు వేలల్లో ఉన్నాయి.

ఇక్కడ ఒక సూటి లెక్క ఉంది. ప్రోటాన్‌ను ఎంత శక్తి వరకు తిప్పగలం అన్నది రెండే విషయాల మీద ఆధారపడుతుంది: వలయం ఎంత పెద్దది, అయస్కాంతం ఎంత బలమైంది. సొరంగం అప్పటికే ఉంది. 1980లలో, ఎలక్ట్రాన్లను తిప్పే ఎల్‌ఈపీ అనే పాత యంత్రం కోసం తవ్వినది. దాని సైజు మార్చలేరు. అందులో 7 టీఈవీ ప్రోటాన్లు తిరగాలంటే 8.3 టెస్లాల క్షేత్రం కావాలి. భూమి అయస్కాంత క్షేత్రానికి ఇది లక్ష రెట్ల పైమాటే. అంత క్షేత్రం పుట్టించాలంటే తీగచుట్టల్లో 11,850 ఆంపియర్ల కరెంటు పారాలి. రాగి తీగలో అంత కరెంటు పంపితే కరిగి ముద్దవుతుంది. అందుకని నియోబియం, టైటానియం కలిపిన లోహంతో తీగ చేశారు. బాగా చల్లబరిస్తే అది అతివాహకం అవుతుంది, అంటే కరెంటుకు దానిలో ఏ నిరోధమూ ఉండదు, వేడీ పుట్టదు.

బాగా చల్లబరచడమంటే మైనస్ 271.3 డిగ్రీల సెల్సియస్. నక్షత్రాల మధ్య ఖాళీ అంతరిక్షం కూడా ఇంతకన్నా దాదాపు ఒక డిగ్రీ వెచ్చగా ఉంటుంది. ద్రవ హీలియం మామూలుగా మైనస్ 269 దగ్గర మరుగుతుంది. అక్కడితో ఆగకుండా ఇంకో రెండు డిగ్రీలు దించడానికి కారణం ఉంది. ఆ చలిలో హీలియం అతిప్రవాహి అవుతుంది. ఎంత సన్నని సందులోనైనా దూరి, వేడిని ఏ లోహం కన్నా బాగా లాగేస్తుంది. సొరంగంలో ఇలాంటి హీలియం 120 టన్నుల దాకా ఉంటుంది. చల్లబరచడానికి వారాలు పడుతుంది. చల్లబడిన లోహం కుదించుకుపోతుంది కాబట్టి అయస్కాంతాల మధ్య సాగి ముడుచుకునే అతుకులు పెట్టారు. 2007లో ఒక భాగాన్ని చల్లబరిచి మళ్ళీ మామూలు వేడికి తెచ్చినప్పుడు ఆ అతుకుల్లో కొన్ని మడతపడి దారికి అడ్డొచ్చాయి. ఎక్కడెక్కడో తెలుసుకోవడానికి గొట్టాలన్నీ విప్పలేరు కదా. చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టిన ఒక బంతిని గొట్టంలోకి వదిలి, గాలితో తోలి, అది ఆగినచోటల్లా గుర్తుపెట్టుకున్నారు. వేల కోట్ల యంత్రంలో ఇలాంటి ఉపాయాలు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

ప్రోటాన్లు పోయే గొట్టాలు ఒక్కో అయస్కాంతంలో రెండేసి ఉంటాయి. ఎదురెదురుగా పోయే రెండు ప్రవాహాల్లోనూ ఉన్నవి ప్రోటాన్లే, ఆవేశం ఒకటే. ఎదురు దిశల్లో పోతున్నాయి కాబట్టి రెండిటినీ ఒకే వైపు వంచాలంటే ఒకదానికి పైకి, ఇంకోదానికి కిందికి ఉండే క్షేత్రం కావాలి. సొరంగంలో రెండు వరసల అయస్కాంతాలకు చోటు లేదు. అందుకే ఒకే ఇనుప ఒడిలో రెండు గొట్టాలు, రెండు ఎదురు క్షేత్రాలు.

2008 సెప్టెంబర్ 10న ఈ యంత్రంలో మొదటిసారి ప్రోటాన్లు చుట్టు తిరిగాయి. ఆ వారం మన దేశంలోని టీవీ ఛానెళ్ళు ఏం చేశాయో గుర్తున్నవాళ్ళు చాలామంది ఉంటారు. బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందా అని చర్చల మీద చర్చలు. తమాషా ఏమిటంటే ఆ రోజు అసలు ఢీకొట్టించనే లేదు. ఒకసారి ఒక దిశలో, తర్వాత ఇంకో దిశలో, ఎస్‌పీఎస్ నుంచి వచ్చిన 450 జీఈవీ శక్తితోనే తిప్పి చూశారు.

ఆ భయానికి జవాబు కూడా ఇక్కడే ఇస్తాను. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు భూమి మీద ఎప్పుడూ పడుతూనే ఉన్నాయి. పైనుంచి వచ్చిన ప్రోటాన్ గాలిలో కదలకుండా ఉన్న ప్రోటాన్‌కు తగిలి ఎల్‌హెచ్‌సీ పాటి ఢీ జరగాలంటే దానికి లక్ష టీఈవీ ఉండాలి. అలాంటివీ, అంతకు వెయ్యి రెట్లున్నవీ కొలతల్లో దొరికాయి. 450 కోట్ల ఏళ్ళుగా ఈ వాన కురుస్తున్నా భూమి ఉంది, చంద్రుడున్నాడు, సూర్యుడున్నాడు. ప్రకృతి ఈ ప్రయోగాన్ని మనకన్నా ముందే లెక్కలేనన్ని సార్లు చేసేసింది.

అసలు ప్రమాదం తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 19న జరిగింది. దానికీ బ్లాక్ హోల్‌కూ ఏ సంబంధమూ లేదు. రెండు అయస్కాంతాల మధ్య కరెంటు తీగ అతుకు ఒకటి సరిగా పడలేదు. దాని నిరోధం ఓమ్‌లో 50 లక్షలవ వంతు. ఏ ఇంటి వైరింగులోనూ అది లెక్కలోకి రాదు. కానీ 8,700 ఆంపియర్లు పారుతుంటే ఆ కాస్త నిరోధమే పదీ పదిహేను వాట్ల వేడి పుట్టిస్తుంది. మైనస్ 271 డిగ్రీల దగ్గర ఆ వేడి చాలా ఎక్కువ. అతుకు దగ్గర అతివాహకత పోయింది, నిరోధం పెరిగింది, ఇంకా వేడెక్కింది, చివరకు తీగ తెగి మెరుపులా ఆర్క్ కొట్టింది. అది హీలియం గొట్టానికి చిల్లు పెట్టింది. ద్రవ హీలియం ఒక్కసారిగా వాయువై ఉబ్బి, టన్నుల బరువున్న అయస్కాంతాలను పునాదుల నుంచి పెకలించింది. 6 టన్నుల హీలియం పోయింది. 53 అయస్కాంతాలను పైకి తెచ్చి మరమ్మతు చేయడమో మార్చడమో చేశారు. యంత్రం మళ్ళీ తిరిగింది 2009 నవంబర్‌లో. ఆ తర్వాత కూడా 7 టీఈవీకి వెళ్ళే ధైర్యం చేయలేదు. 3.5తో మొదలుపెట్టి, 2012లో 4కు పెంచి, రెండేళ్ళు ఆపి వేల అతుకులను బలపరిచాక 2015లో 6.5కు, 2022లో 6.8కు వచ్చారు.

అతివాహకత ఇలా పోవడాన్ని క్వెంచ్ అంటారు. పూర్తిగా తప్పించడం కుదరదు. దారి తప్పిన నాలుగు ప్రోటాన్లు తీగచుట్టకు తగిలినా ఒక చుక్క చోటు వేడెక్కవచ్చు. ఆ చుక్క ఒక్కటే అయస్కాంతంలోని శక్తినంతా మింగాల్సి వస్తే కాలిపోతుంది. అందుకని వింతగా అనిపించే పని చేస్తారు. క్వెంచ్ మొదలైందని పసిగట్టగానే అయస్కాంతం పొడవునా ఉన్న హీటర్లను వెలిగించి, చుట్టనంతటినీ కావాలనే వేడెక్కిస్తారు. భారం అంతటా పంచుకుంటే ఎక్కడా కాలదు. ఆ హీటర్లకు క్షణంలో కరెంటు ఇచ్చే పరికరాలు వేలల్లో మన దేశంలో తయారయ్యాయి. అయస్కాంతాలను మిల్లీమీటరులో చిన్న భాగం వరకు అటూ ఇటూ సర్దే దాదాపు 7,000 జాకీలు, తప్పులు దిద్దే అతివాహక అయస్కాంతాల్లో కొన్ని కూడా ఇక్కడివే. ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఈ పనులను ముందుండి నడిపించింది. సొరంగంలోకి దించేముందు అయస్కాంతాలను చలిలో పరీక్షించే పనిలోనూ మన ఇంజనీర్లు బృందాలుగా వెళ్ళి పాల్గొన్నారు. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. అక్కడి ఆవరణలోని నటరాజ విగ్రహం ఫోటో మనవాళ్ళ ఫోన్లలో తెగ తిరుగుతుంది, అది 2004లో మన ప్రభుత్వం ఇచ్చిన కానుక. నాకైతే ఆ విగ్రహం కన్నా ఆ జాకీల గురించి ఎక్కువమందికి తెలిస్తే బాగుండనిపిస్తుంది.

జాకీలు అంత సున్నితంగా ఎందుకుండాలో చెప్పే కథలు పాత ఎల్‌ఈపీ నాటివి. అందులో కణాల శక్తి రోజులో కాస్త పెరిగి తగ్గుతూ ఉండేది. కారణం చంద్రుడు. సముద్రాన్ని లేపే ఆకర్షణే నేలనూ కొద్దిగా లేపుతుంది, 27 కిలోమీటర్ల వలయం ఒక మిల్లీమీటరు మేర సాగి ముడుచుకుంటుంది. ఆ మిల్లీమీటరు చాలు లెక్క తేడా రావడానికి. ఇంకో కలత అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ఆగి, తెల్లారగానే మళ్ళీ మొదలయ్యేది. 1995లో ఫ్రాన్స్‌లో రైల్వే సమ్మె జరిగిన రోజు అది పూర్తిగా మాయమైంది. జెనీవా నుంచి పారిస్ వెళ్ళే రైళ్ళ పట్టాల నుంచి నేలలోకి కారిన కరెంటు యంత్రపు గొట్టాల గుండా పోతోందని అప్పుడు తేలింది. చంద్రుడి లెక్క ఎల్‌హెచ్‌సీ ఆపరేటర్లు ఇప్పటికీ సరిచేసుకోవలసిందే. 2016లో ముంగిస జాతికి దూరపు చుట్టమైన ఒక జంతువు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి, పాపం తానూ పోయి, యంత్రాన్నీ కొన్ని రోజులు ఆపించింది.

పూర్తి శక్తికి చేరిన ఒక్క ప్రోటాన్ శక్తి ఎగిరే ఆరేడు దోమలకు ఉండేంత, అంటే ఏమీ లేనట్టే. కానీ లక్షల కోట్లు కలిస్తే కథ వేరు. ఒక్కో ప్రవాహంలో డిజైన్ ప్రకారం 362 మెగాజౌళ్ళు ఉంటాయి, అర టన్ను రాగిని కరిగించడానికి సరిపోతాయి. సన్నని ఈ ప్రవాహం దారి తప్పితే యంత్రానికి చిల్లే. అందుకని ప్రమాదం పసిగట్టిన రెండు మూడు చుట్లలోనే దాన్ని బయటకు మళ్ళించే ఏర్పాటు ఉంది. వందల మీటర్ల పక్క సొరంగం, దాని చివర గ్రాఫైట్ దిమ్మ. ఒకేచోట పడితే ఆ దిమ్మ కూడా తట్టుకోదు కాబట్టి, ముగ్గు గీసినట్టు ప్రవాహాన్ని తిప్పుతూ దాని మీద పరుస్తారు.

ఇంత శ్రమ పడి ఎదురెదురుగా ఎందుకు ఢీకొట్టించాలి, కదలని దిమ్మకేసి కొడితే చాలదా అని అడగవచ్చు. చాలదు. కదలని ప్రోటాన్‌ను 6.8 టీఈవీ ప్రోటాన్ గుద్దితే శక్తిలో అత్యధిక భాగం శకలాలను ముందుకు తోయడానికే పోతుంది. కొత్త కణాలు పుట్టడానికి మిగిలేది సుమారు 113 జీఈవీ. మౌలిక కణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో చెప్పే సిద్ధాంతం ఊహించిన హిగ్స్ బోసాన్ అనే కణం బరువు, శక్తి లెక్కలో, 125 జీఈవీ. అంటే ఇంత యంత్రమూ కట్టి దిమ్మకేసి కొడితే ఒక్క హిగ్స్ కూడా పుట్టదు. ఎదురెదురుగా కొడితే 13.6 టీఈవీ మొత్తం అందుబాటులోకి వస్తుంది. అదీ పూర్తిగా కాదు. ప్రోటాన్ లోపల క్వార్క్‌లూ గ్లూఆన్లూ అనే ఇంకా చిన్న కణాలు ఉంటాయి, నిజానికి ఢీకొనేది వాటిలో ఒకటీ అటువైపు ఒకటీ. వాటి వాటాకు వచ్చే శక్తి ఎప్పుడూ మొత్తం కన్నా తక్కువే. ఇంకో అపోహ కూడా తీర్చాలి. బయటపడే కణాలు ప్రోటాన్‌లో దాగి ఉన్న ముక్కలు కావు. హిగ్స్ ప్రోటాన్ కన్నా 130 రెట్లు బరువు, లోపల దాక్కునే వీలే లేదు. ఢీకొన్న శక్తే ద్రవ్యరాశిగా మారి అప్పటికప్పుడు పుడుతుంది.

ఎదురెదురు గుంపులు ఒకదాన్నొకటి దాటేటప్పుడు కూడా నిజంగా ఢీకొనేవి 60 జంటల దాకా మాత్రమే, తక్కినవన్నీ తగలకుండా సాగిపోతాయి. అవే గుంపులను గంటల తరబడి తిప్పుతూ ఉండగలగడానికి కారణం ఇదే. సెకనుకు 4 కోట్ల సార్లు గుంపులు దాటుకునేంత వేగం ఈ వ్యవస్థది. ఆ చోట్ల, పుట్టిన కణాలను పట్టి కొలిచే నాలుగు పెద్ద డిటెక్టర్లున్నాయి. వాటిలో అట్లాస్ 46 మీటర్ల పొడవు, సీఎంఎస్ 14,000 టన్నుల బరువు. జరిగినదంతా దాచుకోవడం ఎవరి వల్లా కాదు. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు అక్కడికక్కడే వడపోసి సెకనుకు ఓ వెయ్యో కొన్ని వేలో ఘటనలు ఉంచి మిగతావి పారేస్తాయి. పారేసినవి తిరిగి రావు, కాబట్టి ఏది పారేయాలో నిర్ణయించే నియమాల మీదే ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడుస్తాయి. 2012 జూలై 4న హిగ్స్ దొరికిందని ప్రకటించినప్పుడు కూడా ఎవరూ దాన్ని నేరుగా చూడలేదు. పుట్టిన వెంటనే విచ్ఛిన్నమై అది వదిలిన ఫోటాన్ల (కాంతి కణాల) జంటల్లాంటి గుర్తులను కోట్ల ఘటనల్లోంచి ఏరి, 125 జీఈవీ దగ్గర ఒక చిన్న గుట్ట లేచిందని చూపించారు. మరుసటి ఏడాది ఆ సిద్ధాంతం చెప్పిన పీటర్ హిగ్స్‌కూ, ఫ్రాంస్వా ఆంగ్లేర్‌కూ నోబెల్ వచ్చింది.

ఇక ముందు సంగతి. శక్తి ఇంకా పెంచాలంటే వలయమైనా పెరగాలి, అయస్కాంతమైనా పెరగాలి, మూడో దారి లేదు. సెర్న్ ఇప్పుడు 91 కిలోమీటర్ల కొత్త సొరంగం ప్రతిపాదిస్తోంది. మొదటి దశకే సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు అవుతాయని అంచనా, ఇంకా నిర్ణయం కాలేదు. ఆ మొదటి దశలో తిప్పాలనుకుంటున్నవి ఎలక్ట్రాన్లూ, వాటికి ప్రతికణాలైన పాజిట్రాన్లూ. అవి లోపల ముక్కలు లేని కణాలు కాబట్టి ఢీ శుభ్రంగా ఉంటుంది, కొలతలు కచ్చితంగా వస్తాయి. చిక్కల్లా మలుపు తిరిగేటప్పుడు తేలికైన కణం శక్తిని వెలుతురుగా కక్కేస్తుంది. ఎల్‌ఈపీలో 100 జీఈవీ పైబడిన ఎలక్ట్రాన్ ప్రతి చుట్టుకూ సుమారు 3 జీఈవీ పోగొట్టుకునేది, కావిటీలు దాన్ని ప్రతిసారీ పూడ్చాల్సి వచ్చేది. 1,836 రెట్లు బరువైన ప్రోటాన్‌కు ఆ బాధ దాదాపు లేదు. వలయం పెద్దదై మలుపు మెల్లగా తిరిగితే ఎలక్ట్రాన్‌కూ నష్టం తగ్గుతుంది. ప్రోటాన్ల వంతు ఆ తర్వాత, అదే సొరంగంలో వస్తుంది. అప్పటికి 14 టెస్లాల స్థాయి అయస్కాంతాలను వేల సంఖ్యలో చేయడం నేర్చుకోవాలి. అందుకు వాడదలచిన నియోబియం-టిన్ తీగ గాజులా పెళుసు, చుట్ట చుట్టాక కాల్చి తయారుచేయాలి. 2030 ప్రాంతంలో మళ్ళీ మొదలవబోయే మెరుగుపరచిన ఎల్‌హెచ్‌సీలో, ఢీకొట్టే చోట్ల గుంపులను నొక్కడానికి ఆ తీగతో చేసిన అయస్కాంతాలను మొదటిసారి వాడబోతున్నారు.